తియానా కాళ్ళకు తగిలిన గాలి

"దాన్ని గడప దాటించకు తమ్ముడూ... నాకెందుకో కీడు తోస్తోంది," అంది ల్యుబింకా, రెండు చేతులూ గుమ్మానికి అడ్డం పెట్టి.

మియోద్రాగ్ నవ్వాడు. మూతపడ్డ ఒక ఆఫీసులో గుమాస్తాలు వాడి వదిలేసిన కంప్యూటర్‌ను అక్క కూతురు తియానా కోసం చవగ్గా కొని, భుజాన మోసుకొచ్చాడు. తెర మీద ఆడే పెద్ద ఆటలకు ఇది ఇప్పుడు చాలదనీ, ముందు ఇది ఉంటే తరవాత ఒక్కొక్క భాగమే మార్చుకుంటూ పోవచ్చనీ నచ్చజెప్పాడు. "నీకు కీడు తోచని వస్తువు ఈ జాయెచార్ ఊళ్ళో ఒక్కటైనా ఉందా అక్కా? బట్టల పెట్టంత లేదు, ఇదేం చేస్తుంది నిన్ను?" అని ఆమె చేతి కిందుగా దూరి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. భర్త రాదోష్ చలికాలంలో కూడా లారీ అద్దం దించుకుని తోలేవాడు. రెండేళ్ళ కిందట ఊపిరితిత్తులకు నెమ్ము చేరి మూడు వారాల్లో కన్నుమూశాడు. డాక్టర్లు ఏదో క్రిమి పేరు చెప్పారు గాని, ఈదురుగాలి మనిషిని మింగేస్తుందని ఆ ఊళ్ళో పసిపిల్లలకూ తెలుసు! తండ్రి పోయాక తియానా నలభై రోజులు నోరు విప్పలేదు. గోడవైపు తిరిగి పడుకున్న ఆ పదిహేనేళ్ళ పిల్ల వీపు... ల్యుబింకా కళ్ళముందు ఇప్పటికీ కదులుతుంది.

ఆ పాత పెట్టె వచ్చాక తియానా మళ్ళీ నవ్వింది. చిన్న చిన్న ఆటలు ఆడుతూ, ఎక్కడో నోవీ సాద్ పట్నంలో ఉండే అమ్మాయిలతో కబుర్లు చెప్పేది. వేసవి సెలవుల్లో అరిల్యే కొండల మీద రాస్ప్‌బెర్రీ పండ్లు కోసే కూలికి వెళ్ళి, ముళ్ళకు వేళ్ళు చీరుకుపోయినా ఓర్చుకుని, ఆ డబ్బుతో పెద్ద ఆటలకు కావలసిన గ్రాఫిక్స్ కార్డు కొనుక్కుంది. మామయ్యా మేనకోడలూ కూర్చుని బిగించారు.

కార్డు చేరాక పెట్టె రొద హెచ్చింది. లోపలి ఫ్యాను తిరుగుతుంటే వెనకనున్న చిల్లుల్లోంచి వచ్చే గాలికి, బల్ల కింద తియానా పైజామా అంచు రెపరెపలాడటం ల్యుబింకా కంటబడింది. అంతే, ఆమె ప్రాణం పోయినంత పనైంది! పిల్ల బడికి వెళ్ళగానే ఉన్నిని ఉండలు చుట్టి ఆ చిల్లుల్లో గట్టిగా కుక్కేసింది.

మూడోనాడు సాయంత్రం కాలిన వాసన వచ్చింది. తెర నల్లబడింది. తియానా మామయ్యకు ఫోన్ చేయడానికి పరుగెత్తిన ఆ నిమిషంలోనే ల్యుబింకా ఉన్ని లాగేసి ఏప్రన్ జేబులో దాచింది. ఎందుకు దాచిందో ఆమెకే తెలియదు. మియోద్రాగ్ వచ్చి విప్పి చూస్తే కార్డు మాడిపోయి ఉంది. తానే ఎక్కడో పొరపాటు చేశానేమోనని అతను తల దించుకున్నాడు.

"చెత్త తెచ్చి అంటగట్టావు మామయ్యా. నా వేసవంతా బుగ్గి చేశావు," అంది తియానా.

అతను పనిముట్లు సర్దుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ కాఫీకి కూడా రాలేదు. తియానా గోడవైపు తిరిగి పడుకుంది. నిజం చెబితే కూతురు ఇక తన ముఖం చూడదు... చెప్పకపోతే తోడబుట్టినవాడు దోషిగా మిగిలిపోతాడు! ల్యుబింకా రోజూ ఆ ఉన్నిని జేబులోంచి తీసి చూసేది, మళ్ళీ దాచేసేది.

ఇంతలో ఇంటిని కాచే పునీతుడైన సెయింట్ నికోలస్ పండుగ వచ్చింది. ఆ పండుగకు ఎవరినీ పిలవరు. రావలసినవాళ్ళు వస్తారు, రానివాళ్ళు బంధం తెంచుకున్నట్టే. మధ్యాహ్నం దాటాక మియోద్రాగ్ టోపీ చేత పట్టుకుని వచ్చాడు. తియానా తల ఎత్తలేదు. ఆచారం ప్రకారం ల్యుబింకా ఉడికించిన గోధుమల తీపి ముందు పెట్టింది. అతను శిలువ గుర్తు వేసుకుని చెంచా ఎత్తబోతుంటే, ఆమె పళ్ళెం వెనక్కి లాగేసుకుంది.

"నా చేత్తో తినకురా. దాన్ని కాల్చింది నువ్వు కాదు, నేను. పిల్ల కాళ్ళకు గాలి కొడుతోందని చిల్లుల్లో ఉన్ని కుక్కాను. వాళ్ళ నాన్నలాగా ఇదీ నాకు దక్కకుండా పోతుందేమోనని..."

మియోద్రాగ్ చెంచా కింద పెట్టేశాడు. "నెల రోజులుగా ఏ తీగ తప్పు కలిపానా అని కుమిలిపోతున్నాను కదే అక్కా. ముందే చెబితే ఆ ఉన్ని ఇచ్చిన గొర్రెనైనా తిట్టుకునేవాణ్ణి," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. కాల్చిన చేప చల్లారిపోయింది. తియానా ఉలకలేదు, పలకలేదు. ఆ నలభై రోజులూ మళ్ళీ మొదలయ్యాయనుకుని ల్యుబింకా తన ఒంటిని రెండు చేతులతో చుట్టుకుని, కళ్ళు మూసుకుంది.

"నిన్ను అనకూడని మాట అన్నాను మామయ్యా," అంది తియానా చివరికి. తరవాత తల్లివైపు తిరిగింది. "అది వేడిగాలమ్మా, పెట్టె చల్లబడ్డానికి బయటికి తోసేది. నన్నడిగితే చెప్పేదాన్నిగా. మళ్ళీ కార్డు కొన్నప్పుడు, బిగించేటప్పుడు టార్చి నువ్వే పట్టుకో."