వరుసలో నవ్వని ఒక్క మనిషి

లాస్ ఏంజెలెస్ పక్కన బర్‌బ్యాంక్‌లో నిధి ఉండే అపార్ట్‌మెంట్‌కి వంటగది అంటూ వేరే లేదు. హాల్లోనే ఒక మూల స్టవ్, దాని నెత్తిన స్మోక్ అలారం. విజయశ్రీ ఉప్మాకి తాలింపు వేసిందో లేదో, అది కీచుమని అరిచింది. ఫణికుమార్ కుర్చీ ఎక్కి దాని కింద టవల్ విసురుతూనే ఫోన్లో కేకలు పెడుతున్నాడు.

"సాయంత్రం అందరూ గట్టిగా నవ్వాలండీ! మొహమాటం వద్దు. మా నిధి పేరు టీవీలో మొదటిసారి పడే రోజు. మనవాళ్ళు నవ్వకపోతే ఇంకెవరు నవ్వుతారు?"

కూతురి షో షూటింగ్ చూడ్డానికి, దేశానికి ఆ చివర తాముండే ఊరు హెర్న్‌డన్ నుంచి వాళ్ళిద్దరితో పాటు నాగమల్లేశ్వరి వాళ్ళూ, ఇంకొన్ని స్నేహితుల జంటలూ దిగాయి. ఇక్కణ్ణుంచి అటే వేగాస్ వెళ్ళొచ్చని వాళ్ళ ప్లాను. వాళ్ళందరికీ తెలిసిన సంగతి ఒకటే. నిధి డెంటల్ కాలేజీ పూర్తిచేసి, సరదాకి టీవీకి కామెడీ రాస్తోంది.

అందులో సగం అబద్ధం. ఆ సగం విజయశ్రీది. నిధి రెండో ఏడాదిలోనే కాలేజీ వదిలేసి లాస్ ఏంజెలెస్ వచ్చేసింది. రైటర్లు కూర్చునే గదిలోకి లంచ్‌లు మోసింది. వాళ్ళ జోకులు టైప్ చేసింది. బార్లలో మైకు పట్టుకుని, తన వైపు చూడను కూడా చూడని తాగుబోతుల ముందు నిలబడింది. అలా దేకుతూ దేకుతూ రైటర్ కుర్చీ ఎక్కింది. ఇదంతా హెర్న్‌డన్‌లో ఎవరికి చెప్పాలి? అక్కడ పిల్ల డాక్టరో, ఇంజనీరో, డెంటిస్టో కావాలి. కాకపోతే బతికున్నా లెక్కలోకి రాదు. ఈ లెక్క రాసినవాళ్ళెవరో ఎవరికీ తెలీదు, భయం మాత్రం అందరికీ ఉంది.

నిధి తల తుడుచుకుంటూ వచ్చి స్టవ్ పక్కన నిలబడింది.

"అమ్మా, నీకు ఒకటి చెప్పాలి. అక్కడ సడన్‌గా చూసి నువ్వు షాక్ అవ్వకూడదు."

"ఏంటి, ఇంకో పచ్చబొట్టు పొడిపించుకున్నావా?"

"ఈ ఎపిసోడ్ ఒక మదర్ గురించి. డాటర్ డెంటిస్ట్ అని ఫ్రెండ్స్ అందరికీ చెప్తుంది. డాటర్ ఎప్పుడో స్కూల్ డ్రాప్ చేసేసింది. ఆంటీలందరూ నోళ్ళు తెరుచుకుని చూపించుకోడానికి వచ్చేస్తారు."

గరిటె బాండీలోనే ఆగిపోయింది.

"నా గురించి రాశావా?"

"మన గురించి రాశా."

"నేను అబద్ధాలకోరునని అమెరికా అంతా చాటిస్తావా? అదీ నాగమల్లేశ్వరిని నా పక్కనే కూర్చోబెట్టి!"

"నువ్వు చెప్పావు కదమ్మా! వ్రతంలో నాగమల్లేశ్వరి ఆంటీ నోరు తెరిచింది, గుర్తుందా? నేను ఫోన్ లైట్ వేసి చూశా. లోపల ప్రసాదం ఉంది. నువ్వు పక్కనుంచి 'చెప్పవే, పిప్పిపన్నేనా' అంటున్నావు. నేను రూట్ కెనాల్ అన్నా. ఇంకేం అనాలి నేను?"

కుర్చీ మీద ఫణికుమార్ నవ్వు ఆపుకోలేక తుమ్మినట్టు నటించాడు. విజయశ్రీ చూసిన చూపుకి దిగి పక్కకెళ్ళాడు.

"ఆపించు," అంది విజయశ్రీ.

"కుదరదు. ఇది నా ఫస్ట్ స్క్రిప్ట్. ఇది పడిపోతే నెక్స్ట్ సీజన్‌కి నన్ను పిలవరు. ఇన్నేళ్ళు చేసిందంతా పోతుంది." నిధి తల తుడుచుకోవడం ఆపేసింది. "నేను ఏం పని చేస్తానో ఒక్కరికైనా చెప్పావా అమ్మా? ఒక్కసారి?"

"చెప్పుకోడానికి అదేం పనే? ఆడపిల్లవి, పదిమంది ముందు వెకిలి వేషాలు!"

అనేసి తనే ఉలిక్కిపడింది. ఆ మాట తనది కాదు. కొత్తకోడలిగా వంటింట్లో కూర్చుని, వచ్చిపోయే చుట్టాల నడకలూ గొంతులూ అనుకరించి తోడికోడళ్ళని పొట్టలు పట్టుకునేలా నవ్వించినప్పుడు అత్తగారు గుమ్మంలో నిలబడి విసిరిన మాట అది. ఆ రోజుతో పదిమందిలో విజయశ్రీ నోరు మూతపడింది. నవ్వించే ఆడదంటే ఇళ్ళల్లో అంత భయం. ఆ తర్వాత ఆ వేషాలు చూసింది ఒక్క నిధే, అన్నం తిననని మొరాయించే వయసులో.

"నేను రాను," అంది చివరికి.

"రాకపోతే వాళ్ళందరికీ ఏం చెబుతావు విజయా?" లోపల్నుంచి ఫణికుమార్ అడిగాడు. "ఇంకో అబద్ధమా?"

వెళ్ళింది. పెదవులు బిగించుకుని వెళ్ళింది. ప్రాణం పోయినా నవ్వకూడదని ఒట్టు పెట్టుకుంది.

స్టూడియోలో జనాన్ని ఎదురుగా కూర్చోబెట్టి నాటకంలా ఆడుతున్నారు. జోకు పేలితే సరే. పేలకపోతే రైటర్లు అక్కడే గుమిగూడి కొత్త మాట రాసిస్తారు, నటులు మళ్ళీ ఆడతారు. అంటే జనం నవ్వే వాళ్ళ చేతిలో దీపం. ఈ సంగతి హెర్న్‌డన్ బృందానికి ఎవరూ చెప్పలేదు. పిల్లల స్కూల్ ఫంక్షన్‌కి వచ్చినట్టు వచ్చారు. తలుపు తెరుచుకుంటే నవ్వారు. ఫోన్ మోగితే నవ్వారు. నటి సోఫాలో కూర్చుంటే చప్పట్లు కొట్టారు.

కూతురి వేషం వేసిన అమ్మాయి కళ్ళల్లో నీళ్ళతో, "నన్ను చూసి సిగ్గుపడుతున్నావు కదూ అమ్మా?" అంది ఇంగ్లీషులో. హాలంతా నిశ్శబ్దం. ఒక్క వరుస మాత్రం విరగబడి నవ్వింది.

"కట్!"

హెడ్‌సెట్ పెట్టుకున్న కుర్రాడు పరుగెత్తుకొచ్చి చేతులు జోడించినంత పని చేశాడు. "ప్లీజ్, ఫన్నీగా అనిపిస్తేనే నవ్వండి."

"మేం ఆ పిల్ల కోసమే వచ్చాం బాబూ!" అంది నాగమల్లేశ్వరి తెలుగులోనే, ఛాతీ విరుచుకుని.

కింద కెమెరాల మధ్య నిధి ముఖం పాలిపోయింది. షో నడిపే పెద్దావిడ పేజీలు ఆమె చేతిలో పెట్టి ఏదో కటువుగా అంటోంది. తర్వాతి సీన్‌లో తల్లి దొరికిపోయింది. "క్షమించు తల్లీ, లోకం ఏమనుకుంటుందోనని భయపడ్డాను," అంది. మళ్ళీ అదే వరుస పకపకలాడింది. మిగతా జనం దగ్గారు. రైటర్లు గుమిగూడారు, విడిపోయారు, ఇంకో మాట రాశారు. మళ్ళీ చప్పగా పడింది. నిధి భుజాలు కుంగిపోయి ఉన్నాయి. అంత దూరం నుంచి కూడా ఆ కుంగడం తల్లికి తెలిసింది.

నిధి మెట్లెక్కి వచ్చి రెయిలింగ్ పట్టుకుంది.

"అమ్మా, వీళ్ళందరూ నవ్వుతున్నారు. నువ్వు ఒక్కదానివే నవ్వట్లేదు."

"కోపంలో ఉన్నాను."

"కోపం తర్వాత. నిజం చెప్పు. బాలేదా?"

"బాలేదు."

"ఎందుకు?"

ఒట్టూ గిట్టూ మర్చిపోయింది విజయశ్రీ. "ఆవిడ క్షమించమంటుందేమిటే? దొరికిపోయిన తల్లి ఎక్కడైనా క్షమాపణ చెప్తుందా? ఎదురు కేకలేస్తుంది!"

"ఏమని?"

విజయశ్రీ నడుం మీద చెయ్యి వేసింది. గడ్డం పైకెత్తింది. గొంతు మారింది. "నేనెక్కడ అబద్ధం చెప్పానే? ముందుగా చెప్పానంతే! లేటు చేసింది నువ్వు!"

నిధి నోరు రెండు చేతులతో మూసుకుని, గిర్రున తిరిగి మెట్లు దూకుతూ వెళ్ళిపోయింది.

అప్పుడు తెలిసింది విజయశ్రీకి తను ఏం చేసిందో. వరుస వరుసంతా తన వైపే చూస్తోంది. నాగమల్లేశ్వరి నెమ్మదిగా దవడ తడుముకుంది.

"అయితే వదినా, నిధి డెంటిస్ట్ కాదా?"

"కాదు." ఆ మాట బయటికి రావడమే కష్టం, వచ్చాక తల తేలికైంది. "రెండో ఏడాదే మానేసింది. కామెడీ రాస్తుంది. అదే దాని ఉద్యోగం."

"ఆ పిల్ల చెప్పిందని నేను వెళ్ళి రూట్ కెనాల్ చేయించుకున్నాను!"

"నొప్పి తగ్గిందా లేదా?"

"తగ్గిందనుకో."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నాగమల్లేశ్వరి చుట్టూ చూసి, వంగి, విజయశ్రీ చెవిలో అంది. "మా అబ్బాయి రఘువీర్‌కి పెళ్ళి కుదిరిందని చెప్పానే... అదీ ముందుగా చెప్పిందే వదినా."

కింద లైట్లు వెలిగాయి. తల్లి వేషం వేసిన నటి నడుం మీద చెయ్యి వేసింది, గడ్డం పైకెత్తింది, ఆ మాటని ఇంగ్లీషులో అంది.

హాలు పేలింది. ఈ నవ్వు ఎవరూ చెబితే వచ్చింది కాదు. తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, ముందు వరుసలో మెక్సికన్ ముసలాయన, పేరూ ఊరూ తెలియని జనం సీట్లలో పడి దొర్లుతున్నారు. అందరికీ ఇలాంటి అమ్మే ఉన్నట్టుంది. తన నోట్లో ఏళ్ళ తరబడి నొక్కేసిన గొంతుకి ఇంతమంది నవ్వుతారని విజయశ్రీ కలలో కూడా అనుకోలేదు. ఆమె నవ్వుతోంది. నవ్వుతూనే ఏడుస్తోంది. ఇదేనా వెకిలితనం? ఇందుకేనా నోరు మూసుకుంది, ఆ మూతని తెచ్చి కూతురికి కూడా బిగించబోయింది?

షూటింగ్ అయ్యాక షో నడిపే పెద్దావిడ స్వయంగా వచ్చింది. నిధి భుజం మీద చెయ్యి వేసి, వచ్చే సీజన్‌కి కొత్త కుర్చీ వెతుక్కోనక్కర్లేదని చెప్పింది. నిధి తల్లిని చూపించి, "ఆ లైన్ మా అమ్మది," అంది. దాచలేదు. తనదని చెప్పుకోలేదు.

విజయశ్రీ కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆవిడ చెయ్యి పట్టుకుని, తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. "నా కూతురు. రైటర్."

పార్కింగ్‌లో కారు ఎక్కబోతూ నిధి ఆగింది.

"ఇంకా కోపమా అమ్మా?"

"ఎందుకుండదు? ఆ తల్లి వేషం ఆవిడకి చీర కట్టింది ఎవరు? కుచ్చిళ్ళు ఎడాపెడా దోపేశారు. నేను వచ్చి కడతాను."

"నెక్స్ట్ షూటింగ్‌కి నువ్వు హెర్న్‌డన్‌లో ఉంటావు కదా."

విజయశ్రీ కారు తలుపు తీసి, ముందు సీట్లో కూర్చోబోతున్న భర్తని వెనక్కి వెళ్ళమని సైగ చేసి, కూతురి పక్కన కూర్చుంది.

"ఏమండీ," అంది వెనక్కి తిరగకుండానే. "వేగాస్ మీరు చూసి రండి. నా రిటర్న్ టికెట్ మార్పించండి."