ఊపిరి సందు

మా వీధి వెనకాల ఒక సందు ఉంది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కుపోవాల్సిందే. అందులో దీపం ఒక్కటే... అది కూడా కాసేపు వెలిగి, కాసేపు ఆలోచిస్తుంది. దాన్ని అందరూ ఊపిరి సందు అంటారు.

పేరు ఊరికే రాలేదు. చీకటి పడ్డాక అటు వెళ్తే, సందు మధ్యలో, సరిగ్గా మెడ ఎత్తున — గోడ ఊపిరి వదిలేది. వెచ్చగా... చెమ్మగా... "హుఁ..." అని. ఆ వెంటనే ఏదో నోరు మూసుకున్నట్టు "టక్" మని చప్పుడు. పాలాయన అక్కడ సైకిలు వదిలేసి పరిగెత్తాడు. ట్యూషన్ మాస్టారు చెప్పులు వదిలేశారు. మర్నాడు పొద్దున్న ఎండెక్కాక వచ్చి ఎవరివి వాళ్ళు తీసుకుపోయారు.

ఏమీ వదలకుండా వచ్చినవాడు మా బావ ఒక్కడే. అంటే, అలా అని ఆయనే చెప్పుకునేవాడు.

బావంటే మా అక్క మొగుడు. బట్టలు ఉతికే మిషన్లు, ఆరబెట్టే మిషన్లు బాగుచేస్తాడు. పనిలో చెయ్యి తిరిగినవాడు. కోతల్లో అంతకంటే తిరిగినవాడు. "దెయ్యమా? నా స్క్రూడ్రైవర్ చూస్తే అదే పక్కకి తప్పుకుంటుంది. నేను రోజూ ఆ సందులోంచే వస్తాను," అనేవాడు. అలాంటివాడు పోయిన ఏడాది హఠాత్తుగా మెయిన్ రోడ్డు మీదుగా తిరిగి రావడం మొదలుపెట్టాడు. ఎందుకంటే "సందులో బురద" అన్నాడు. వానల్లేని రోజుల్లో బురదేమిటో మాకెవరికీ అర్థం కాలేదు.

ఇప్పుడు చెప్పబోయేదాంట్లో సగం బావ చెప్పింది, సగం నర్సమ్మ చెప్పింది. రెండూ కలవని చోటల్లా నేను నర్సమ్మనే నమ్మాను.

నర్సమ్మ ఆసుపత్రిలో పనిచేస్తుంది. వానలకి కాస్త ముందు, మాకు రెండు వీధుల అవతల ఒక ఇంట్లో అద్దెకి దిగింది. తనూ, అయిదేళ్ళ కూతురూ. ఆ పిల్ల ఒక చోట నిలవదు, నోరు మూయదు — అందుకని అందరూ పిచ్చుక అంటారు. ఏడాదిలో వాళ్ళకి ఇది మూడో ఇల్లు. మొదటిది ఇంటివాళ్ళు అమ్మేసుకున్నారు, రెండోది కురిసింది.

ఒక రోజు సాయంత్రం నర్సమ్మ పిచ్చుకని వెంటబెట్టుకుని బావ షాపుకి వచ్చింది.

"అన్నయ్యగారూ... మా డ్రయ్యర్ ఒకసారి చూడాలి."

"తిరగడం లేదామ్మా?"

"తిరుగుతోంది," అని అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఆపాక తిరుగుతోంది."

మన దెయ్యాలకి అర్ధరాత్రి అలవాటు. ఇది మాత్రం ఎనిమిదిన్నరకే డ్యూటీ ఎక్కేదట. నర్సమ్మ ఏడింటికి ఇంటికొచ్చి, తడిబట్టలు మిషన్లో వేసేది. అరగంట తిరిగి ఆగిపోయేది. తలుపు తీసి చూస్తే బట్టలు పచ్చిగానే ఉండేవి. సరే, చచ్చిందిలే అని మిషన్ తలుపు మూసి, ఆ గది తలుపు కూడా మూసి వచ్చేసేది. పిల్లకి అన్నం పెట్టి పడుకోబెట్టేసరికి... లోపల...

ధన్... ధన్... ధన్...

ఎవరో ఒంటికాలితో కుంటుతూ నడుస్తున్నట్టు. తలుపు సందులోంచి వేడి ఊపిరి. దాంతోపాటు జుట్టు కాలిన వాసన.

"తలుపు కింద దుప్పటి కుక్కి కూర్చుంటున్నానండీ," అంది నర్సమ్మ. "ఇంకో వారం చూస్తాను. తేలకపోతే ఇల్లు ఖాళీ చేస్తాను. ఇంకో ఇల్లు దొరికేదాకా దీన్ని మా అమ్మ దగ్గరికి పంపెయ్యాలి. పగలు ఎంత ఎగిరినా, రాత్రి నా చెయ్యి పట్టుకుంటే గానీ పడుకోదిది." రోజంతా జబ్బు మనుషుల మధ్య తిరిగే మనిషికి దెయ్యమంటే భయం కాదు. పిల్లని దూరం చేసుకోవడమే భయం.

బావ గంభీరంగా తల ఊపాడు. "పార్టు తెప్పించాలమ్మా. మూడు రోజులు పడుతుంది."

ఇంటికొచ్చి అదే చెప్తే అక్క పట్టుకుంది. "మిషన్ చూడకుండానే ఏ పార్టండీ?"

నాలుగో రోజు అక్కే సంచీ చేతికిచ్చి, వీధిలోకి తోసినంత పని చేసింది. "గొడుగు జాగ్రత్త! పోయిన చలికాలం నేనల్లిన స్వెట్టర్ బస్సుకి దానం చేసి వచ్చారు. ఇది కూడా ఇచ్చి రాకండి," అంది.

బావ వెళ్ళేసరికి ఏడున్నర. వాన పడుతోంది. మిషన్ అప్పటికే తిరుగుతోంది. చూస్తుండగానే ఆగిపోయింది. ముగ్గురూ గది బయట కూర్చున్నారు. ఎనిమిదైంది... ఎనిమిదింపావు... ఎనిమిదీ ఇరవై అయిదు...

ధన్.

బావ గభాల్న పిచ్చుక చెయ్యి పట్టుకున్నాడు. పిల్లకి ధైర్యం చెప్పడానికే అంటాడు ఆయన.

"అంకుల్, గట్టిగా పట్టుకోకండి. నొప్పి," అంది పిచ్చుక.

ధన్... ధన్... తలుపు కింద నుంచి వేడిగాలి పాదాలకి తగిలింది. వెనకే ఆ వాసన. ఆ వాసన ముక్కుకి తగలగానే బావ ముఖం మారిపోయింది. అది భయం కాదు. పనివాడి ముఖం. "ఇది దెయ్యం వాసన కాదమ్మా, మంట వాసన!" అంటూ తలుపు తోసుకుని లోపలికి దూకి ప్లగ్గు పీకాడు.

ఇక్కడ మాత్రం బావని వెక్కిరించను. నట్లూ బోల్టులూ చేతిలోకి వస్తే ఆయన వేరే మనిషి. పీకిన ప్లగ్గుని భుజం మీద వేసుకుంటాడు, పని అయ్యేదాకా ఎవరూ పొరపాటున పెట్టకుండా. అలా వేసుకుని, మిషన్ మూత విప్పాడు. డ్రమ్ముని చేత్తో తిప్పాడు. దాని కింద ఉండే చిన్న చక్రం ఒకవైపు అరిగి పలకబారింది. ఆ పలక వచ్చినప్పుడల్లా — ధన్. సాయంత్రం పిచ్చుక గోలలో అది ఎవరికీ వినపడలేదంతే. కుంటి దెయ్యం దొరికింది.

తర్వాత స్టార్ట్ బటన్. నొక్కితే బయటికి రావడం లేదు, లోపలే ఉండిపోతోంది. దాని చుట్టూ ఏదో ఎర్రగా, జిగురుగా ఉంది. బావ వేలితో గీకి వాసన చూశాడు. జాము. పిచ్చుక నిశ్శబ్దంగా తల్లి వెనక్కి జరిగింది.

"చూడమ్మా, మోటారు మరీ వేడెక్కితే దానంతట అదే ఆగిపోతుంది. అది కాలిపోకుండా జాగ్రత్త అన్నమాట. చల్లబడ్డాక, బటన్ లోపలే ఇరుక్కుని ఉంది కాబట్టి, మళ్ళీ నడక మొదలెడుతుంది. అదీ సంగతి."

"మరి అంత వేడెందుకండీ? ఆ నూగు పట్టే జల్లెడ రోజూ దులుపుతూనే ఉన్నాను."

మంచి ప్రశ్న. మిషన్ వెనక నుంచి గోడలోకి ఒక గొట్టం పోతుంది. వేడిగాలీ, చెమ్మా దాంట్లోంచి బయటికి వెళ్ళాలి. బావ ఆ గొట్టం ఊడదీసి మిషన్ నడిపించి చూశాడు. కుంటుతూనే అయినా, వేడెక్కకుండా తిరిగింది. మళ్ళీ ఆపి, ప్లగ్గు భుజానికెక్కించాడు. "రోగం మిషన్‌కి కాదు. గొట్టానికి," అని చొక్కా చెయ్యి మడిచి, గోడలో ఉన్న కన్నంలోకి చెయ్యి పెట్టాడు.

మణికట్టు... మోచెయ్యి... భుజం దాకా.

"ఏమైనా తగిలిందా అన్నయ్యగారూ?"

తగిలింది. మెత్తగా... వెచ్చగా... దట్టంగా జుట్టు... ఎవరిదో తల నిమిరినట్టు.

చెయ్యి వెనక్కి లాగాడు. రాలేదు.

అది మణికట్టు పట్టుకుంది.

అప్పుడు బావ అరిచిన అరుపుకి ఎదురింటి వాళ్ళు దీపాలు వేశారు. ఆ విషయం ఆయన చెప్పడు. నర్సమ్మ చెప్పింది. ఆవిడే ఆయన్ని నడుం పట్టుకుని వెనక్కి గుంజింది. గుంజగానే చేతి గడియారానికి చిక్కుకుని ఒక పెద్ద ముద్ద బయటికి వచ్చి పడింది. నూగు పట్టి, అట్టకట్టి, ఒక అంచు నల్లగా మాడిన గుడ్డముద్ద. ఇంకో నాలుగు రోజులాగితే నిప్పు అంటుకునేదే. ఆ గదిని ఆనుకునే పిల్ల మంచం.

బావకి ఒళ్ళు మండిపోయింది. "ఎవడో పిరికి సన్నాసి బయట నుంచి కుక్కాడమ్మా! బుద్ధుందా వాడికి? పసిపిల్ల ఉన్న ఇంట్లో..."

అంటూనే ముద్ద పడిన చోట వంగి, కన్నంలోంచి బయటికి చూశాడు. అవతల ఒక దీపం. కాసేపు వెలిగింది... కాసేపు ఆలోచించింది...

బావ తిట్టడం ఆపేశాడు. చక్రం మార్చాడు, బటన్ కడిగాడు, గొట్టం తుడిచి బిగించాడు. గొడుగు మర్చిపోయి వానలో తడుస్తూ ఇంటికొచ్చాడు.

వారం తర్వాత ఒక సాయంత్రం నర్సమ్మ గొడుగు తిరిగిచ్చి, మంచి మాట చెప్పి పోదామని మా ఇంటికి వచ్చింది. మిషన్ బంగారంలా పనిచేస్తోందట. బట్టలు అరగంటలో కరకరలాడుతూ ఆరిపోతున్నాయట. పిల్ల తన పక్కనే పడుకుంటోందట. వానకి చల్లగా ఉందని పిచ్చుకకి స్వెట్టర్ వేసి తెచ్చింది.

నీలం స్వెట్టర్. ఛాతీ దగ్గర ఒకే ఒక్క పసుపు గీత.

అక్క చేతిలో టీ పళ్ళెం ఆగిపోయింది. నీలం ఊలు అయిపోతే మధ్యలో ఒక వరస పసుపుది వేసి, "ఇదే ఫ్యాషన్" అని మాకు నచ్చజెప్పిన స్వెట్టర్ అది. లోకంలో ఇంకోటి ఉండదు.

"గొట్టంలో దొరికిన గుడ్డేనండీ," అంది నర్సమ్మ. "ఉతికితే మంచి ఊలు. మాడిన అంచు కత్తిరించి కుట్టాను. డ్రయ్యర్ ఇప్పుడు బాగా వేడెక్కుతోంది కదా... వేస్తే ఇంతయి కూర్చుంది. దీనికి కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది."

అక్క మెల్లగా బావ వైపు తిరిగింది. "ఏవండీ... బస్సు ఆ గొట్టంలోంచి వెళ్తుందా?"

నేను నవ్వు ఆపుకోలేక లోపలికి పారిపోబోయాను. కానీ బావ నవ్వలేదు. కుర్చీలోంచి లేచి నర్సమ్మ ముందు నిలబడ్డాడు. "ఆ పిరికి సన్నాసిని నేనేనమ్మా. పోయిన చలికాలం, సందులో వస్తుంటే మెడ మీద ఊపిరి తగిలింది. గోడకి నోరు కనపడింది. చేతికొచ్చింది అందులో కుక్కి పరిగెత్తాను. వందమందికి చెప్పుంటాను గొట్టానికి అడ్డం పెట్టకండని. నా చేత్తో నేనే... పిల్లకేమైనా అయ్యుంటే?" ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయ్యో, పోనీండి అన్నయ్యగారూ, తీసింది కూడా మీరే కదా. డ్రయ్యర్ గాలికి ఎవరైనా..." అంటూ నర్సమ్మ ఆగిపోయింది. "ఎప్పుడన్నారు?"

"పోయిన చలికాలం."

నర్సమ్మ కప్పు కింద పెట్టింది.

"అప్పుడు ఆ ఇల్లు తాళం వేసి ఉందండీ. ముందున్నవాళ్ళు ఖాళీ చేసి ఏడాదైంది. కరెంటు మీటరు కూడా పీకేశారు. మేం దిగాక నేనే కొత్తది పెట్టించుకున్నాను."

పిచ్చుక కూడా నోరు మూసుకుంది.

ముందుగా తేరుకున్నది నర్సమ్మే. "సరే. ఎవరైతేనేం," అంది పిల్లని దగ్గరికి లాక్కుంటూ. "ఇప్పుడు ఊపిరాడుతోందిగా. ఇల్లు మాత్రం నేను ఖాళీ చెయ్యను."

చీకటి పడింది. వాళ్ళని దిగబెట్టడానికి బావ లేచాడు. తోడుగా అక్కా, నేనూ లేచాం. సందులోంచి అయితే రెండు నిమిషాల దారి.

"సందులో బురద," అన్నాడు బావ.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అయిదుగురం మెయిన్ రోడ్డు మీదుగానే వెళ్ళాం.