శూన్యజలం

మూడువందల పదకొండో సీసాను నూకరత్నం యంత్రంలో పెట్టింది. సీసం, పాదరసం, ఆర్సెనిక్. తెర మీద మూడు గీతలు లేచి, సర్దుకున్నాయి.

"సురక్షితం," అంది యంత్రంలో తీర్పు చెప్పే నిర్ణేత.

నూకరత్నం తెర మీద బొటనవేలు ఆనించింది. భుజం లాగుతోంది. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. డెల్టాలో ఏ కుళాయి తెరుచుకోవాలన్నా నిర్ణేత మాట, దాని కింద ఒక మనిషి వేలిముద్ర ఉండాలి.

తరువాతి సీసా పైడమ్మది. గుల్లలపేట నుంచి వారం వారం నడిచొచ్చి, తానే నీళ్లు ఇచ్చి, ఫలితం వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడుతుంది.

"సురక్షితం."

"మళ్లీ బాగున్నాయనే సెప్తావేటమ్మా? మా మనవరాలికి మాట తిరగట్లేదు. సెంబు పట్టుకుంటే సేతులొణికిపోతన్నాయి."

నూకరత్నం వేలు ఆనించబోయి ఆగింది. ఏళ్లుగా ఎవరూ చూడని ముడి లెక్కలు తెరిచింది.

పైడమ్మ నీళ్లలో పాదరసం తొమ్మిది. హద్దు రెండు. శూన్యజలంలో ఎనిమిది.

ఏ మలినమూ లేదన్న నమ్మకంతో రోజూ ముందుగా యంత్రానికి పట్టే నీరు అది. అందులో ఏం కనబడినా యంత్రం దోషమేననుకుని నిర్ణేత ప్రతి ఫలితంలోంచీ తీసేస్తుంది; తొమ్మిదిలో ఎనిమిది పోతే ఒకటే మిగులుతుంది. ఆ నీటినీ ఊళ్లు తాగే ఈ నది నుంచే తీసి వడకడతారు. అందులో పాదరసం నిరుడు ఆరు, అంతకుముందు నాలుగు. అన్నిటి కిందా తన వేలిముద్రే.

ఆమె తీసివేతను రద్దు చేసింది.

"తొంభైరెండు ఊళ్లకు సరఫరా నిలిచిపోతుంది. ధ్రువీకరించండి," అంది నిర్ణేత.

వెంటనే పై అధికారి శేషాచలపతి గొంతు స్పీకర్లో మోగింది. "రత్నంగారూ, ఏం చేస్తున్నారు? నిల్వ నాలుగు రోజులకే ఉంది. జనం దాహంతో రోడ్డెక్కుతారు!"

"తాగితే ఏమవుతారో ఒకామె ఈ గుమ్మంలో నిలబడి చెబుతోందండీ."

"పై నుంచి అనుమతి వచ్చేదాకా ఆగండి."

"పంతొమ్మిదేళ్లు ఆగానండీ."

వేలు ఆనించింది. తెరంతా ఎర్రబడింది.

"పైడమ్మా, నీళ్లు బాగోలేవు. పాపకి మాన్పించెయ్."

పైడమ్మ ఆమె మొహంలోకి చూసింది. "మరేటి తాగమంతావమ్మా?"

నూకరత్నం తెర ముందు నుంచి లేచింది. బయటికొచ్చి ఆమె పక్కన కూలబడింది. కాలువ గట్టు పొడవునా ఊళ్లకు నీళ్లు తోడే మోటార్లు ఒకదాని వెంట ఒకటి ఆగిపోతున్నాయి.