వడ్డనాకలి

ఉదయం ఏడున్నరయ్యేసరికి కాకినాడ పునఃస్వస్థత కేంద్రం గేటు దగ్గర రెండు వరసలుంటాయి. ఒకటి మనుషులది, రెండోది క్యారేజీలది. మనుషులు నడిచి లోపలికి వెళ్తారు, క్యారేజీలు బెల్టు మీద తనిఖీ ద్వారంలోంచి వెళ్తాయి. "పనసపొట్టు కూర, నూట ఎనభై గ్రాములు. నెయ్యి, ముప్పై. అడుగు గిన్నెలో కాజాలు, నాలుగు," అని ద్వారం పైకి చదువుతుంది. కాజాలు తెచ్చినాయన అవి తన కోసమేనని చెబుతాడు. ద్వారం నమ్మినట్టే వదిలేస్తుంది. 2079 నాటికి యంత్రాలకి ఆ మాత్రం లౌక్యం అబ్బింది.

కేంద్రం తెరిచిన కొత్తలో బయటి తిండి పూర్తిగా నిషేధించారు. పదకొండో రోజుకి నలభై పడకల్లో ముప్పై మూడు ఖాళీ అయ్యాయి. ఆపరేషనైన మనిషికి ఇంటి తిండి అందనివ్వని చోటు ఆసుపత్రే కాదని గోదావరి జిల్లాల వాళ్లు తేల్చేశారు. పన్నెండో రోజున డైరెక్టరు నిషేధం ఎత్తేసి, ఆ సాయంత్రమే పూతరేకులు తిన్నాడని చెప్పుకుంటారు.

ఈ చిక్కుకి విరుగుడుగా వచ్చింది తృప్తిక. బొట్టుబిళ్ళ కంటే కాస్త పెద్దది, చెవి వెనక అంటిస్తారు. కడుపు నిండిందన్న కబురు మెదడుకి చేరవేసే వేగస్ నాడి కొమ్మ ఒకటి చెవి దాకా వస్తుంది. తృప్తిక ఆ కొమ్మ మీదకి చిన్న విద్యుత్ స్పందనలు పంపి, నాలుగు ముద్దలకే పది ముద్దల నిండుదనం కలిగిస్తుంది. మాత్రల్లేవు, సూదుల్లేవు. దాన్ని తయారు చేసిన ముగ్గురిలో డాక్టర్ మంగతాయారు ఒకతె. వయసు ముప్పై నాలుగు. ముత్తవ్వల పేర్లు మళ్ళీ ముద్దొచ్చిన తరం ఆమెది. ఇప్పుడు పాతకాలం పేర్లంటే ఆమె పేషెంట్లవే.

పదిహేడో గదిలోని గుత్తుల లాస్యప్రియకి అరవై ఒకటి. ఎడమ మోకాలి కీలు మార్చారు, కుడిది కూడా అరిగిపోయి ఉంది. బరువు తొంభై మూడు కిలోలు. షుగరుంది, థైరాయిడ్ మందకొడి. పాంక్రియాస్ ఒకసారి వాచింది గనక బరువు తగ్గించే ఇంజెక్షన్లు పనికిరావు. కుడి మోకాలు నడవనివ్వదు గనక వ్యాయామమూ లేదు. డెబ్భై ఎనిమిదికి దిగితే తప్ప రెండో ఆపరేషన్ చెయ్యనని సర్జన్ చెప్పేశాడు. దిగకపోతే మిగతా జీవితం చక్రాల కుర్చీలోనే గడవాలి. పైగా కొవ్వు కరగాలి గానీ కండ కరగకూడదు. కోత మానాలంటే మాంసకృత్తులు అందాలి. అందుకని ఏ పూట ఎంత తినాలో 'పథ్యం' గ్రాములతో సహా చెబుతుంది. కేంద్రంలోని యంత్రం పేరే పథ్యం. ప్రతి గదిలోనూ దాని గొంతు పలుకుతుంది.

ఆరు వారాలు గడిచాయి. లాస్యప్రియ బరువు తొంభై నాలుగయింది.

"బిళ్ళ పనిచేస్తోందాండీ?" అని అడిగింది మంగతాయారు.

"చేస్తోందమ్మా. ఆకలన్నదే మర్చిపోయాను."

"మరి నిన్న సాయంత్రం మూడు గారెలు, ఇవాళ పొద్దున్న మినపసున్ని?"

లాస్యప్రియ తలుపు వైపు చూసింది. భర్త సాత్విక్ గిన్నెలు కడగడానికి వెళ్లాడు. "ఆయన తెల్లారకుండా లేచి పప్పు రుబ్బుకున్నారమ్మా. తెచ్చి ఎదురుగా నించుంటారు. కడుపు నిండిపోయిందని ఆ మొహం చూసి ఎలా చెప్పను?"

సాత్విక్ పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యాడు. పెళ్లయి ముప్పై ఏడేళ్లు. లాస్యప్రియ టీచరుగా బడికి పరుగెత్తే రోజుల్లో వంటిల్లు ఆయన చేతికి వచ్చింది, మరి తిరిగి వెళ్లలేదు. మాట తక్కువ మనిషి. చెప్పదలుచుకున్నదంతా పళ్ళెంలో పెట్టేస్తాడు.

మంగతాయారు తన గదిలో కూర్చుని నలభై మంది పేషెంట్ల బరువు గీతలూ తెరిచింది. బయటి దేశాల్లో ఇదే తృప్తికతో మనిషికి సగటున పన్నెండు కిలోలు తగ్గారు. ఇక్కడ ఒక్కరూ తగ్గలేదు. ఇలాగే ఉంటే ఇంకో రెండు నెలల్లో పథకం మూసేస్తారు, పదిహేడో గది మనిషి కుర్చీలో ఇంటికి పోతుంది.

"పథ్యం, ఎక్కడ తప్పు జరుగుతోంది?"

"అందరికీ ఆకలి సంకేతం సున్నాకి దగ్గరగా ఉంది. అయినా తింటున్నారు. నా దగ్గర ఇంకో కొలత ఉంది. మీరు అడగలేదు."

"ఇప్పుడు అడుగుతున్నాను."

"క్యారేజీలు తెచ్చేవాళ్లకి గేటు దగ్గర కట్టే చేతి పట్టీలు. పేషెంటు పళ్ళెం పక్కకి నెట్టగానే వాళ్ల గుండె వేగం పెరుగుతోంది, ఒత్తిడి హార్మోను కార్టిసాల్ పెరుగుతోంది. ఇంకో ముద్ద తినగానే రెండూ దిగుతున్నాయి. పస్తున్న మనిషికి అన్నం దొరికినప్పుడు వచ్చే గీతకీ ఈ గీతకీ తేడా లేదు. డాక్టర్, మీరు బిళ్ళ అంటించాల్సిన మనిషిని వదిలి వేరే మనిషికి అంటించారు."

మంగతాయారు కాసేపు నవ్వింది. పుట్టి పెరిగింది రామచంద్రపురంలో. పెళ్లి పంక్తిలో అరిటాకు మీద అడ్డంగా పడుకున్నా వడ్డించేవాళ్లు వదలరని ఆమెకి చిన్నప్పుడే తెలుసు. తెలిసిన సంగతిని యంత్రం చెప్పాక గానీ చూడలేకపోయింది. నోట్సులో 'వడ్డనాకలి' అని రాసి కింద గీత గీసింది.

రెండో బిళ్ళ తయారవడానికి మూడు వారాలు పట్టింది. ఇది పెట్టేవాళ్ల కోసం. తినే మనిషి నోటి వెంట "చాలు" అన్న మాట వినగానే, తన మనిషి కడుపునిండా తిన్నదన్న నెమ్మది పెట్టే మనిషిలో కలుగుతుంది. గ్రాములు కొలిచి పని చెయ్యమంటే చేతిలో దాచిన కాజాల లెక్క తప్పుతుంది గనక మాటనే ఆనవాలుగా పెట్టారు. తినే మనిషికి తృప్తిక ఎలాగూ ఉంది, పథ్యం చెప్పినంత తినగానే ఆ చాలు తనంత తానే వస్తుంది.

సాత్విక్ విషయమంతా విని తల వంచుకున్నాడు. "పాంక్రియాస్ వాచినప్పుడు తొమ్మిది రోజులు నోట్లో చుక్క పొయ్యనివ్వలేదండి. అద్దంలోంచి చూస్తా కూర్చున్నాను. అప్పట్నించి ఆవిడ పళ్ళెం నెట్టిందంటే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. ఆవిడ నడుస్తానంటే ఎక్కడేం అంటించినా సరేనండి."

బిళ్ళ అంటించిన మర్నాడు ఆయన తెచ్చిన పళ్ళెంలో లాస్యప్రియ సగం తిని చాలంది. సాత్విక్ సరేనని గిన్నె మూత పెట్టేశాడు. ఆవిడ ఆశ్చర్యపోయి మంగతాయారు వైపు చూసింది. వారానికి కిలో చొప్పున బరువు దిగింది. ఎనభై ఎనిమిది, ఎనభై నాలుగు. కండ నిలిచింది, షుగరు అదుపులోకి వచ్చింది. డెబ్భై ఎనిమిదిన్నర దగ్గర సర్జన్ ఆ అరకిలో క్షమించి ఆపరేషన్‌కి రోజు ఖాయం చేశాడు. కుడి మోకాలు కూడా మారింది. మత్తు ఇచ్చే ముందు లాస్యప్రియ చెవి వెనక బిళ్ళ తీసేశారు, ఇక దానితో పని లేదు. సాత్విక్ బిళ్ళ డిశ్చార్జి రోజున వెనక్కివ్వాలని కాగితంలో రాసిచ్చారు. కేంద్రంలో ఇంకా ముప్పై కుటుంబాలు రెండో బిళ్ళ పెట్టించుకున్నాయి.

ఇంటికి పంపిన అయిదో వారంలో పథ్యం మంగతాయారుని పిలిచింది.

"ఇంటి నుంచి అందిన కొలతల్లో పదిహేడో గది లాస్యప్రియ గారి బరువు అరవై తొమ్మిది. కోత మానలేదు, రక్తంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు పడిపోయింది. ఈ వారంలో మూడుసార్లు షుగరు డెబ్భై కిందికి వెళ్లింది. తిన్నారా అని రోజూ ఫోనులో అడుగుతున్నాను. తిన్నానంటున్నారు."

"మూడుసార్లూ ఎలా తేరుకుంది?"

"ఎవరో తీపి ఇచ్చారు. లేదా ఆవిడే తీసుకున్నారు. ఇంకొక మాట. ఇళ్లకి వెళ్లిపోయిన ఇరవై ఆరు మందికి తోడున్నవాళ్లు రెండో బిళ్ళ తిరిగి ఇవ్వాలి. నలుగురే ఇచ్చారు."

మంగతాయారు ఆ పొద్దున్నే జగన్నాథపురంలోని వాళ్ల ఇంటికి వెళ్లింది. సాత్విక్ వరండాలో కుర్చీ వేసుకుని ఓడల రాకపోకల పట్టిక చూస్తున్నాడు. మొహం తేటగా ఉంది, ఒక పదేళ్లు చిన్నవాడయినట్టున్నాడు. "రండమ్మా. ఆవిడ బాగుందండి. ఇందాకే టిఫిన్ తింది," అన్నాడు. వంటింట్లో పొయ్యి శుభ్రంగా తుడిచి ఉంది. గిన్నెలో ఉప్మా దాదాపు అంతా మిగిలే ఉంది.

లోపలి గదిలో లాస్యప్రియ మంచం మీద ఉంది. మెడ దగ్గర ఎముకలు కనిపిస్తున్నాయి. మంగతాయారు లేవదీసి నిలబెడితే రెండు కొత్త మోకాళ్లూ వణికాయి. వాటిని మోసే కండ తొడల్లో లేదు. దిండు సర్దుతుంటే కింద పటికబెల్లం పొట్లం దొరికింది. మంగతాయారుకి నిజంగా భయమేసింది. ఇంకో రెండు వారాలు ఇలాగే జరిగితే ఈ మనిషి నడవడం మాట అటుంచి, బతకడమే కష్టం.

"పొద్దున్న ఎంత తిన్నారు?"

"నాలుగు చెంచాలు."

"ఆకలి లేదా?"

"లేకేమమ్మా."

"మరి?"

"చాలన్నాను. గిన్నె తీసేశారు."

అప్పుడు అర్థమైంది మంగతాయారుకి. ఈ నేల మీద మొదటి వడ్డనకే చాలనడం మర్యాద. ఆ చాలుని పెట్టేవాళ్లు లెక్కలోకి తీసుకోరు. రెండోసారి వడ్డిస్తారు, వద్దంటారు, మూడోసారి వడ్డిస్తారు, తింటారు. లాస్యప్రియ పుట్టిన దగ్గర్నుంచీ అలాగే కడుపు నింపుకుంది. బిళ్ళకి మర్యాదలు తెలియవు. మొదటి చాలుకే సాత్విక్ మనసుకి నెమ్మది ఇచ్చేస్తోంది. తృప్తిక ఉన్నన్నాళ్లూ ఆవిడ చాలు నిజమైన చాలే, అది తీసేశాక మళ్ళీ మర్యాద చాలయింది. రామచంద్రపురం మనిషి చేసిన యంత్రంలో రామచంద్రపురం వాళ్లకి తెలిసిన సంగతే లేకుండా పోయింది. మంగతాయారుకి తన మీద తనకి కోపం వచ్చింది.

సాత్విక్‌ని పిలిచి కూర్చోబెట్టి, ఆల్బుమిన్ దగ్గర్నుంచి పటికబెల్లం దాకా అన్నీ చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"మీరు చెప్పింది తెలిసిందండి. ఇప్పుడు నేను భయపడాలని కూడా తెలుస్తోందండి. రావట్లేదండి భయం."

"ఆ బిళ్ళ తిరిగిచ్చెయ్యమని రాసిచ్చాం కదండీ."

"నేనే వద్దన్నానమ్మా," అంది లాస్యప్రియ.

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు.

"ఇంటికొచ్చిన మొదటి వారమే తెలిసింది నాకు. చాలంటే చాలు, ఇంకోసారి అడగట్లేదని. పెట్టమంటే పెట్టేవారు. కానీ పెట్టమన్నానంటే, అప్పటిదాకా నన్ను పస్తుంచానని ఆయనకి తెలిసిపోతుంది కదమ్మా. ఆ తొమ్మిది రోజుల తర్వాత ఈయన రాత్రి పూట కదలకుండా నిద్రపోగా ఇప్పుడే చూస్తున్నాను. పదిహేనేళ్లయిందమ్మా. పడుకోనీ అనుకున్నాను."

ఆకలి లేని రోజుల్లో ఈవిడ తిన్నది ఆయన కోసం. ఆకలేసిన రోజుల్లో మానేసిందీ ఆయన కోసమే. చెవి వెనక బిళ్ళ ఉన్నా ఊడినా ఈవిడ చేస్తున్నది ఒకటే పని. తిరిగి రాని ఇరవై రెండు బిళ్ళల వెనక ఇంకెంతమంది ఇలా పడుకుని ఉన్నారో వెంటనే కనుక్కోమని పథ్యానికి కబురు పెట్టింది.

సాత్విక్ చెయ్యి చెవి వెనక్కి వెళ్లి కొంచెంసేపు అక్కడే ఆగింది. తీస్తే ఏం వస్తుందో ఆయనకి తెలుసు. పదిహేనేళ్లు దానితోనే బతికాడు. గోరుతో అంచు లేపి, బిళ్ళ పీకి మంగతాయారు చేతిలో పెట్టాడు.

"ఎంతసేపు పడుతుందండి?"

"అయిదు నిమిషాలు."

మూడో నిమిషంలో ఆయన కాళ్లు ఊపడం మొదలుపెట్టాడు. నాలుగో నిమిషంలో భార్య మణికట్టు పట్టుకుని చూశాడు, అది తన రెండు వేళ్ల మధ్య పట్టేసింది. అయిదోది పూర్తయ్యేలోపే కన్నీళ్లు కారిపోతుండగా లేచి వంటింటి వైపు పరుగులాంటి నడక నడిచాడు. మినప్పప్పు డబ్బా తీసిన చప్పుడు, పెట్టేసిన చప్పుడు, పెసలు నానేసిన గిన్నె కోసం వెతుకుతున్న చప్పుడు వినిపించాయి. రుబ్బిన చప్పుడు ఆగాక పొయ్యి వెలిగింది.

గరిటె పట్టుకుని మళ్ళీ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఏదో అడగబోయి ఆగాడు, తర్వాత అడిగేశాడు.

"పెసరట్లు ఎన్ని పొయ్యమంటావు లాస్యా?"

ముప్పై ఏడేళ్లలో ఆ ఇంట్లో ఆ ప్రశ్న పుట్టలేదు. ఆయన పోస్తూనే ఉండేవాడు, ఆవిడ వద్దంటూనే తినేది. లాస్యప్రియ కడుపు మీద చెయ్యి వేసుకుంది. తనకెంత కావాలో తనే చూసుకోవలసి వచ్చింది.

"మూడు," అంది చివరికి. ఆయన వెనక్కి తిరిగాక, మెల్లగా ఇంకో మాట కలిపింది. "ఉల్లిపాయలు వెయ్యకండి. నాకు మొదట్నుంచీ ఇష్టం లేదు."