మనోరమ టీచర్ ఓడ ప్రయాణం

గ్లోరీ టీచర్ మెట్లెక్కి పైకి వచ్చేసరికి ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. మోకాలి ఆపరేషన్ కట్టు విప్పి ఎన్నాళ్లో కాలేదు. ఊతకర్ర గోడకు ఆనించి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. యాకోబు గబగబా కుర్చీ తెచ్చి వేశాడు. చిన్నప్పుడు తనకు ఎక్కాలు నేర్పిన మనిషి అంతగా వణకడం అతనెప్పుడూ చూడలేదు.

జహీరాబాద్ బస్టాండుకు ఎదురుగా, విత్తనాల దుకాణం పైన ఉంది త్రివేణి ఆఫీసు. పోలీసు ఉద్యోగం వదిలేసి ఆమె సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టినప్పటి నుంచి యాకోబు ఆమె దగ్గరే ఉన్నాడు. పెళ్లి సంబంధాల వాకబు, ఎత్తుకుపోయిన ట్రాక్టర్లు, ఎక్కువగా ఇవే వస్తాయి. త్రివేణి మాత్రం ఏ కేసైనా ఒకే శ్రద్ధతో వింటుంది. ఎదుటివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంటుంది. ఆ కూర్చునే తీరంటేనే యాకోబుకు గురి.

"మనోరమ ఏమైందో నాకు తెల్వాలె బిడ్డా," అంది గ్లోరీ. "ఓడ మీద బాగున్నదని ఇంటోళ్లంటున్నరు. నాకు నమ్మకం కుదుర్తలేదు."

"మొదటినుంచి చెప్పండి టీచర్."

మనోరమ, గ్లోరీ ఒకే బడిలో పనిచేసి ఒకే ఏడాది రిటైరయ్యారు. మనోరమ భర్త శంకరప్ప సముద్రం చూపిస్తానని ఏళ్ల తరబడి చెప్పి, చూపించకుండానే గుండెపోటుతో పోయాడు. పిల్లలు లేరు. ముంబైలో ఎక్కి లక్షద్వీప్ దీవులు తిరిగి వచ్చే ఓడ ఒకటుందని తెలిసి, స్నేహితురాళ్లిద్దరూ చందర్ ట్రావెల్స్‌లో టికెట్లు తీసుకున్నారు. చివరికి గ్లోరీ మోకాలు మొరాయించింది. మనోరమ ఒక్కతే బయల్దేరింది.

"ఆ ఓడ పుస్తకం మేమిద్దరం బైబిల్ వాక్యం లెక్క సద్వుకున్నం," అంది గ్లోరీ. "మూడు పూటల తిండి, ఛాయ్, కాఫీ, జూసులు, పొద్దుగూకినంక పాటల కచేరి, ఫోన్ల నెట్, ఆఖరికి పనోళ్లకిచ్చే టిప్పులు గూడ టికెట్లనే. దీవులల్ల దించి తిప్పే బండి, ఒంటికి మాలిషు, గవే వేరే. 'ఒకరికి ఛాయ్ పెట్టే పని లేకుండ నేనే కూసోని తాగుత, నీకు రోజూ సముద్రం చూపిస్త' అన్నది. ఒక్కపారి గూడ ఫోన్ రాలే. చేస్తె కలుస్తలేదు. తోటికోడలు రేఖనడిగితే, నాతోని మాట్లాడుతున్నది, ఫికర్ చెయ్యకు అంటది. ఓడ ముంబైకి తిరిగొచ్చింది. మనోరమ రాలే. ఇప్పుడేమో, మస్తు నచ్చిందట, ఇంకో చుట్టు తిరిగొస్తదట అంటున్నది."

"మీతో ఆఖరిసారి ఎప్పుడు మాట్లాడింది?"

"బయల్దేరిన దినం పొద్దుగాల. మొగుడంపల్లి పొలంకాడికి పోయి శంకరప్ప సారు సమాధి దగ్గర దీపం పెట్టొస్త అన్నది. యాడికి పోవాల్నన్నా ముందుగాల అక్కడికి పోవుడు ఆమెకు అలవాటు. రాత్రికి ముంబై బస్సు." గ్లోరీ కొంగుతో నోరు మూసుకుంది. "పోలీసులకాడికి పోదమంటే, ఇంటోళ్లే బాగున్నదంటుంటే నా మాట ఎవరింటరు?"

త్రివేణి లేచి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "నేను విన్నాను కదా టీచర్," అంది.

చందర్ తన దుకాణంలో మనోరమ పేరు వినగానే తడబడ్డాడు. ఫ్యాను తిరుగుతున్నా నుదుటి మీద చెమట పట్టింది.

"టికెట్ మాట నిజమే మేడం. నేను హైదరాబాద్ ఏజెన్సీ నుంచి తెప్పిచ్చిన. ఎక్కినంక మాకేం సంబంధం ఉండదు."

"బస్సు ఎక్కించడానికి వస్తానని టీచరమ్మకు మాట ఇచ్చారట."

"ఇచ్చిన. పోలే. పని పడ్డది." అతను బల్ల మీది పెన్నులు సర్దడం మొదలుపెట్టాడు. "ఆమె ఏమన్న కంప్లైంట్ ఇచ్చిందా మేడం?"

"లేదు," అంది త్రివేణి. ఇంకేమీ అడగకుండా బయటికి వచ్చింది. యాకోబు వెనక్కి తిరిగి చూశాడు. చందర్ రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

మనోరమ ఇల్లు రైల్వే గేటు అవతలి కాలనీలో ఉంది. కింద ఆమె, పైన మరిది మదన్‌మోహన్, అతని భార్య రేఖ. మదన్‌మోహన్ పొలం పోయాడు. రేఖ వాళ్లను కూర్చోబెట్టి ఛాయ్ ఇచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. ఎండలో పనిచేసి గట్టిపడిన చేతులు, మాటలో తొందర లేదు.

"నేనే బైపాస్ కాడ బస్సెక్కించిన," అంది. "ఆయన ఆ దినం బీదర్ పోయిండు."

"ఓడ మీంచి మీతో మాట్లాడుతోందా?"

"అప్పుడొకపారి ఇప్పుడొకపారి. సముద్రంల మామూలు ఫోన్ కలవదు కద. నెట్‌కు వేరే పైసలు కట్టాల్నట, ఛాయ్‌కు గూడ వేరేనట. గందుకే అందరికీ చేస్తలేదు. అక్క సంగతి ఎరికే కద, జర గట్టి మనిషి."

"గ్లోరీ టీచర్‌కు కూడా చేయలేదంటే..."

"నేను చెప్తున్న కద, బాగున్నదని." రేఖ ఖాళీ కప్పులు అందుకుంది.

"ఆ రోజు పొద్దున టీచరమ్మ పొలానికి వెళ్లిందా?"

"నాకు తెల్వది. నడుం నొప్పితోని నేను పొలం దిక్కు పోక నెలలాయె. దసరాకెళ్లి అడుగు పెట్టలే."

త్రివేణి ఆమెకు నమస్కారం చేసి లేచింది. గేటు దాటాక యాకోబు ఏదో అనబోతే, "ముందు మొగుడంపల్లి పోదాం పా," అంది.

దారి పొడుగునా చెరకు లారీలు ఎదురొచ్చాయి. మదన్‌మోహన్ శనగ చేలో ఉన్నాడు. వాళ్లు ఎవరో, ఎందుకొచ్చారో చెప్తే, తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. పొడవాటి మనిషి, కొంచెం వంగిన నడుము. చేను గట్టున శంకరప్ప సమాధి ఉంది. దాని పక్కన, ఓ మంచమంత దూరంలో, నేల కొత్తగా ఎర్రగా ఉబ్బి ఉంది. చుట్టూ తుమ్మకంప కొట్టేసి పడేసిన గుర్తులు.

"ఇదేంటి?" అడిగింది త్రివేణి.

"పాత బాయి మేడం. నీళ్లెండి ఏండ్లాయె. కుక్క పడి సచ్చింది, వాసనొస్తున్నది, పూడిపియ్యమని రేఖ పోరుపెట్టింది. జేసీబీ తెప్పిచ్చి పూడిపిచ్చిన."

"కుక్కను మీరు చూశారా?"

"లేదు. లోపట కంప అడ్డమున్నది. వాసన గూడ నాకు సరిగ తెలిసిరాలే."

"ఎప్పుడు పూడిపించారు?"

"వదిన ఊరికి పోయిన మూడొద్దులకో, నాలుగొద్దులకో."

"ఈ పొలంలో మీ వదినకూ భాగం ఉంది కదా, దాన్ని ఏం చేద్దామనుకుంది?"

మదన్‌మోహన్ కొంతసేపు సమాధి వైపు చూశాడు. "తిరిగొచ్చినంక ఆడపిల్లల హాస్టల్‌కు రాసిస్తనన్నది. నాకు కష్టమనిపియ్యలేదంటే అబద్ధమైతది. కని ఆమె భూమి, ఆమె ఇష్టం. మా అన్న ఉన్నా గదే అంటుండె." తలపాగా చుట్టుకుంటూ అడిగాడు, "వదినకు ఏమన్న అయిందా మేడం?"

త్రివేణి బండి వైపు నడిచింది.

తిరుగు దారిలో యాకోబు ఆగలేకపోయాడు. "మేడం, పిల్లల్లేని ఆడామె పోతే భర్త తరఫు నుంచి వచ్చిన భూమి భర్త వాళ్లకే పోతది. లాభం ఆయనకే. బాయి పూడిపిచ్చింది గూడ ఆయనే. ఇంకేం కావాలె?"

"శవాన్ని పూడ్చినవాడు, వాసన వచ్చిన మాట మనతో తనంతట తాను చెప్తాడా?" అంది త్రివేణి. ఊళ్లోకి రాగానే మళ్లీ చందర్ దుకాణం ముందు బండి ఆపించింది. ఈసారి ఒక్కతే లోపలికి వెళ్లింది. చాలాసేపటికి బయటికి వచ్చి, పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసి ఎస్సైతో మాట్లాడింది.

మర్నాడు మధ్యాహ్నం మనోరమ ఇంటి ముందుగదిలో అందరూ కూర్చున్నారు. మదన్‌మోహన్, పక్కన రేఖ. గుమ్మం దగ్గర కుర్చీలో గ్లోరీ. చందర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మామూలు బట్టల్లో వచ్చిన ఎస్సై కిటికీ దగ్గర ఉన్నాడు. బయట జీపులో ఒక మహిళా కానిస్టేబుల్ ఉంది. గోడ మీద శంకరప్ప ఫొటో.

"మనోరమ టీచర్ ఓడ ఎక్కలేదు," అని మొదలుపెట్టింది త్రివేణి.

గ్లోరీ కళ్లు మూసుకుంది. మదన్‌మోహన్ భార్య వైపు తిరిగాడు.

"చందర్ గారు, నాకు చెప్పింది వీళ్లకు కూడా చెప్పండి."

చందర్ గొంతు సవరించుకున్నాడు. "నిన్న మేడం ముందలనే హైదరాబాద్ ఏజెన్సీకి ఫోన్ చేసిన. టీచరమ్మ ఓడకాడికి రానేలేదట. ఇంటోళ్ల నంబరని మేం రాసిచ్చిన నంబరుకు ఓడ కంపెనీ వాళ్లు ఆ దినమే ఫోన్ చేసిన్రట. ఎవరో ఆడమనిషి ఎత్తి, ఆమెకు పానం బాగలేదు, రాదు అని చెప్పిందట." తల దించుకుని అన్నాడు, "బాల్కనీ రూమని చెప్పి కిటికీ లేని రూం ఇచ్చిన నేను. గందుకే బస్సుకాడికి పోలే. నిన్న మొదట మీరొస్తే గూడ గదే అడగనీకి వచ్చిన్రనుకున్న."

"ఆ నంబరు ఎవరిది?" అడిగాడు ఎస్సై.

"రేఖమ్మది."

రేఖ కొంగు సర్దుకుంది.

"చందర్‌ను మళ్లీ కలవక ముందే నాకు అనుమానం వచ్చింది," అంది త్రివేణి. "గ్లోరీ టీచర్ నాకు చెప్పిన మొదటి సంగతి, ఆ ఓడలో ఛాయ్, నెట్ అన్నీ టికెట్టులోనే అని. ఓడలో నెట్‌కూ ఛాయ్‌కూ వేరే డబ్బులు కట్టాలని మనోరమ తనతో అన్నట్టు రేఖమ్మ చెప్పింది. ఓడ మీద ఉన్న మనిషి ఆ మాట అనదు. ఓడ సంగతి తెలియని మనిషి, ఫోన్లు ఎందుకు రావడం లేదో చెప్పడానికి అల్లిన మాట అది. అంటే ఓడ మీంచి ఫోనే రాలేదు."

మదన్‌మోహన్ నెమ్మదిగా, "రేఖా, నాకు గూడ గట్లనే చెప్తివి కద," అన్నాడు.

"మరి మనోరమ ఎక్కడ? గ్లోరీ టీచర్‌తో ఆమె అన్న ఆఖరి మాట, భర్త సమాధి దగ్గరికి పోతున్నానని. సమాధి పక్కనే పాత బావి. మీరు బీదర్‌లో ఉన్నారు మదన్‌మోహన్ గారూ. అక్కడి మీ మనుషులను ఎస్సైగారు విచారించారు. బావిలో కుక్క పడిందని, వాసన వస్తోందని మీకు చెప్పింది రేఖమ్మ. మాతో మాత్రం దసరా నుంచి పొలంలో అడుగే పెట్టలేదంది. పొలానికి పోని మనిషికి ఆ బావి సంగతి ఎలా తెలిసింది?"

బయట రైలు వెళ్లిపోయేదాకా త్రివేణి ఆగింది.

"ఆ రోజు మీరు ఆమె వెంట వెళ్లారు రేఖమ్మా."

రేఖ తన అరచేతులు చూసుకుంది. మాట్లాడినప్పుడు ఆమె గొంతు నిన్న ఛాయ్ ఇచ్చినప్పటిలాగే ఉంది.

"పెండ్లయినప్పటి సంది ఆ మట్టిల చేతులు పెట్టింది నేను. ఆమె బడికి పోయింది, జీతం తెచ్చుకున్నది. నేను కలుపు తీసిన, అల్లం తవ్విన, బర్రెలకు గడ్డేసిన. దీపం పెట్టినంక నవ్వుకుంట చెప్పింది, వచ్చినంక హాస్టల్‌కు రాసిస్త రేఖా, మంచి పని కదా అని. మంచి పనే. నా ముప్పై ఏండ్లు ఎవరికి రాసిస్తవు అక్కా అని అడిగిన. అవి ఎవరు రాసిస్తరే అని మళ్ల నవ్వింది." అరచేతులు మూసుకుంది. "నూకాలని పోలే. నూకిన. కింద చప్పుడైంది. నేను తొంగిచూడలే. అక్క ఊరికి సర్దుకున్న పెట్టె గూడ తర్వాత అండ్లనే ఏసిన."

మదన్‌మోహన్ కుర్చీలోంచి లేవబోయి లేవలేకపోయాడు. తన భార్య చేసిన పని కన్నా, తన చేత్తో తాను చేసిన పని అప్పుడే అతనికి అర్థమవుతోందని యాకోబు గ్రహించాడు. జేసీబీ పక్కన నిలబడి, ఇంకా పొయ్యి, ఇంకా పొయ్యి అని చెప్పి ఉంటాడు.

గ్లోరీ ఊతకర్ర లేకుండానే రేఖ ముందుకు నడిచింది. కొడుతుందేమోనని ఎస్సై ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె కొట్టలేదు. "నీకు జరమొస్తె రాత్రంత నీ మంచం పక్కన కూసున్నది," అంది. రేఖ ముఖం తిప్పుకుంది. ఆ గదిలో ఆమె కళ్లలో నీళ్లు కనిపించింది అప్పుడొక్కసారే.

మరుసటి రోజు అధికారులందరి ఎదుట బావి తవ్వడం మొదలైంది. పైమట్టి యంత్రంతో తీశారు. పెట్టె మూల కనిపించగానే మదన్‌మోహన్ యంత్రాన్ని ఆపమన్నాడు. కూలీలు వద్దంటున్నా తానే తాడు పట్టుకుని దిగి, గంపలకు మట్టి ఎత్తి పైకి పంపాడు. పొద్దు వాలేలోగా మనోరమను పైకి తెచ్చి, కొత్త దుప్పటి కప్పి, శంకరప్ప సమాధి పక్కన పడుకోబెట్టారు. గ్లోరీ ఆమె తల దగ్గర కూర్చుని, దుప్పటి మీద పడ్డ మట్టిని వేళ్లతో ఏరుతూ ఉండిపోయింది.

మదన్‌మోహన్ త్రివేణి దగ్గరికి వచ్చాడు. గోళ్లనిండా ఎర్రమట్టి.

"మేడం, ఒక్క మాట. నేను మన్ను పోపిచ్చినప్పుడు, వదిన..." ఆ పైన అనలేకపోయాడు.

"పడిన క్షణమే పోయింది," అంది త్రివేణి, అతని కళ్లలోకి చూస్తూ. "మూడు రోజుల ముందే."

అతను తల ఊపి, చేనుకు అడ్డంపడి నడిచి వెళ్లిపోయాడు.

బండి కోహీర్ రోడ్డు కలిసేచోటికి వచ్చాక యాకోబు అడిగాడు, "పడంగనే పోయిందని మీకెట్ల తెలిసింది మేడం?"

త్రివేణి కిటికీ అద్దం పైకి లేపింది.

"తెల్వదు యాకోబూ," అంది. "పోస్టుమార్టం డాక్టర్ ఏం చెప్పినా ఆయన చెవిల పడకుండ చూడు."