స్నానాల గదికి కొత్త అద్దం

క్లైవ్ రడక్ స్నానాల గదిలో, తొట్టెలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే చనిపోయి ఉన్నాడు.

జులై 13, ఆదివారం. ఆ దక్షిణ దేశంలో నడి చలికాలం. ఉదయం 8:20కి మొదట చూసినవాడు పక్కింటి గ్లెన్ సౌటర్. కట్టెలు దించడానికి వచ్చాడు. పిలిస్తే పలకలేదు. లోపల నీళ్లు పడుతున్న చప్పుడు. గడియ వేసి ఉంది. భుజంతో తలుపు బద్దలుకొట్టాడు. గోడమీది గ్యాస్ గీజర్ ఆపేసి, ఇంటి తలుపులన్నీ తెరిచి, ఫోన్ చేశాడు.

8:45కి సార్జెంట్ మోరీన్ క్వెయిల్ వచ్చింది.

శవం ముఖం గులాబీ రంగులో ఉంది. చూస్తే ఆరోగ్యంగా ఉన్న మనిషి అనిపిస్తుంది. ఆ రంగు మోరీన్‌కి తెలుసు. మూడేళ్ల కిందట ఇదే ఊళ్లో, ఇలాంటి గదిలోనే చూసింది.

“యాక్సిడెంటే సార్జెంట్,” అన్నాడు కాన్‌స్టేబుల్ డార్బీ. “పాత గీజర్. కార్బన్ మోనాక్సైడ్. అచ్చం బ్రొనీ ఓట్స్ పోయినట్టే పోయాడు.”

మోరీన్ గాలి పీల్చి చూసింది. ఆమె ముక్కు ఇంకో వాసన పట్టింది. అవిసె నూనె.

కిటికీ దగ్గరికి వెళ్లింది. చెక్క చట్రం, నాలుగు అద్దాలు. నాలుగింటి గాజులోనూ వానచినుకుల్లాంటి అచ్చు నమూనా. మూడు అద్దాలకి బయటివైపు నాచు పట్టింది. కింద ఎడమవైపుది తళతళలాడుతోంది.

బయటికి నడిచి, ఇంటి పక్క సందులోంచి చూసింది. అద్దం చుట్టూ, దాన్ని చట్రానికి పట్టి ఉంచే లప్పం. గోరుతో నొక్కింది. గోరు దిగింది. ఇంకా ఆరలేదు.

“గ్లెన్, ఈ అద్దం ఎప్పుడు వేయించాడు?”

గ్లెన్ కిటికీ వంక చూశాడు. అతని ముఖంలో రంగు పోయింది.

“శుక్రవారం దాకా అక్కడ అద్దమే లేదు. పగిలి మూడేళ్లయింది. వట్టి కన్నం.”

“మూడేళ్లా? ఈ చలిలో?”

“పిసినారి కదా.”

“ఊళ్లో పదకొండు ఇళ్లు అద్దెకిచ్చేవాడు ఒక్క అద్దం వేయించుకోలేడా?”

గ్లెన్ తలవంచుకుని కట్టెలకేసి చూశాడు. “నన్నడిగితే ఏం చెప్పను మోరీన్? ఆయన ఇల్లు, ఆయన కన్నం.”

“నిన్న ఎక్కడున్నాడు?”

“ఫుటీ మ్యాచ్‌కి వెళ్లాడు. అందరం వెళ్లాం. పన్నెండున్నరకి బయల్దేరి, తిరిగొచ్చేసరికి చీకటి. క్లైవ్ పబ్‌లో తాగి వచ్చి పడుకున్నాడు. తెల్లారకుండా ఏడింటికి స్నానం చేస్తాడు. కన్నం మూసి ఉందని గమనించి ఉండడు.”

మోరీన్ నోట్‌బుక్‌లో రాసుకుంది. శనివారం 12:30 నుంచి 5:30. ఊరు ఖాళీ.

“డార్బీ, లప్పం తీసి ల్యాబ్‌కి పంపు. కింద చెక్క ముక్క కూడా.”

“అద్దం బాగుచెయ్యడం నేరమా సార్జెంట్?”

“ఎవరు బాగుచేశారో తెలిస్తే చెప్తాను.”

* * *

మధ్యాహ్నానికి మూడు సంగతులు తేలాయి.

ఊళ్లో హార్డ్‌వేర్ షాపులో ఎవరూ అద్దం కొనలేదు. ఆ వానచినుకుల గాజు తయారీ ఆగిపోయి పాతికేళ్లు దాటింది. హోబర్ట్‌లో కూడా దొరకదు. క్లైవ్ ఎవరినీ ఆ పనికి పిలవలేదు.

అంటే ఎవరో పాత గాజు పలక ఇంట్లో దాచుకున్నవాళ్లు, పిలవకుండా వచ్చి, ఉచితంగా పని చేసి వెళ్లారు.

సోమవారం ఉదయం 10:15కి మోరీన్ ఓట్స్ ఇంటి తలుపు తట్టింది.

వాలస్ ఓట్స్ నలభై ఏళ్లు ఆ లోయలో అద్దాల మేస్త్రీ. బ్రొనీ అతని ఒక్కగానొక్క కూతురు. క్లైవ్ అద్దె ఇళ్లలో ఒకదాంట్లో ఉండేది. ఇరవై తొమ్మిదేళ్లకి అక్కడి స్నానాల గదిలో పోయింది. మరణ విచారణలో క్లైవ్ చేతులు కట్టుకుని నిలబడి అన్నాడు: “అదే గీజర్ నా ఇంట్లోనూ ఉంది. రోజూ దానికిందే స్నానం చేస్తాను. చెడ్డదని తెలిస్తే చేస్తానా?” విచారణ చేసిన అధికారి, కరోనర్, ఆ మాట నమ్మాడు. యాక్సిడెంట్ అని రాశాడు. ఆ ఒక్క మాట కొట్టేయించాలని మూడేళ్లుగా వాలస్ నెలకోసారి స్టేషన్‌కి వస్తున్నాడు.

“చచ్చాడటగా,” అన్నాడు వాలస్ కుర్చీలోంచి లేవకుండా. “శుభం. ఏడవమన్నావా?”

“ఏడవక్కర్లేదు వాలీ. షెడ్ చూపిస్తే చాలు.”

“నా కుడి చెయ్యి పోయిన మార్చిలోనే పడిపోయింది. టీ కప్పే ఎత్తలేను. నీ కళ్లకి నేనే కనపడ్డానా?”

అతని భార్య ఎనిడ్ టీ తెచ్చి బల్లమీద పెట్టింది. అరవై ఆరేళ్ల చిన్న మనిషి. కూతురు పోయాక ఆమె ఊళ్లో ఎవరితోనూ పది మాటలు మాట్లాడలేదని చెప్పుకుంటారు.

“పాలు?” అంది.

“కొంచెం.”

“నవంబర్‌లో మీ దగ్గరికి వచ్చాను,” అంది ఎనిడ్ పాలు పోస్తూ. “గుర్తుందా?”

మోరీన్ కప్పు అందుకోబోయి ఆగింది. గుర్తుంది. స్టేషన్ కౌంటర్ దగ్గర నిలబడి ఎనిడ్ ఒక్క మాటే చెప్పింది: క్లైవ్ స్నానాల గది కిటికీ చూడండి, అది ఎప్పుడు పగిలిందో అడగండి.

“రాసుకున్నాను.”

“రాసుకుని?”

మోరీన్ కప్పు బల్లమీదే వదిలేసింది. “అద్దం పగిలి ఉండటం నేరం కాదు ఎనిడ్” అని ఆ రోజు తను నవ్వుతూ అన్న మాట కూడా గుర్తొచ్చింది.

షెడ్‌లో పాత వ్యాన్ ఉంది. దాని పక్కన పెద్ద అక్షరాలు: వాలస్ ఓట్స్, అద్దాలు. వెనకాల గాజు పలకలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. అన్నిటిమీదా వేలిమందం దుమ్ము. ఒకదానిమీద మాత్రం లేదు. వానచినుకుల గాజు. ఒక అంచు కొత్తగా కోసినట్టు మెరుస్తోంది.

మోరీన్ ఆ అంచు కొలిచింది. క్లైవ్ కిటికీలోని అద్దం వెడల్పుకి సరిపోయింది.

వెనకనుంచి వాలస్ గొంతు వినిపించింది. “కొలవడం ఆపు. నేనే వేశాను.”

“ఎప్పుడు?”

“శనివారం. రెండింటికి.”

“ఎందుకు?”

“ఎందుకో నీకు తెలీదా? నా పిల్ల ఎలా పోయిందో వాడూ అలాగే పోవాలి. దానిమీద రాసిన మాటే వాడిమీదా రాయాలి. యాక్సిడెంట్. వాడి చెల్లెలు ఆ కాగితం పట్టుకుని మీ గుమ్మం చుట్టూ తిరగాలి.”

ఎనిడ్ షెడ్ గుమ్మంలో నిలబడి ఉంది. “వాలస్,” అంది మెల్లగా.

“నువ్వు లోపలికెళ్లు.”

డార్బీ సంకెళ్లు తీశాడు. మోరీన్ తల అడ్డంగా ఊపింది.

“రేపు మూడింటికి క్లైవ్ ఇంటి పక్క సందులోకి రండి. ఇద్దరూ. ఎక్కడికీ వెళ్లొద్దు.”

కారెక్కాక డార్బీ అడిగాడు. “ఒప్పుకున్నాడు కదా సార్జెంట్? ఇంకేం కావాలి?”

“ల్యాబ్ రిపోర్టు.”

* * *

మంగళవారం మధ్యాహ్నం 3:05. సన్నని జల్లు. సందులో ఐదుగురు నిలబడ్డారు. వాలస్, ఎనిడ్, గ్లెన్, డార్బీ, మోరీన్.

“వాలీ, పని ఎలా చేశావో మొదటినుంచీ చెప్పు.”

“పాత లప్పం చెక్కేశాను. అద్దం కోశాను. పెట్టాను.”

“ఏ చేత్తో కోశావు?”

“ఎడమ చేత్తో. నలభై ఏళ్లు కోసినవాడికి ఏ చెయ్యైతే ఏం?”

“సరే. పాత లప్పం చెక్కేశాక, కొత్తది పెట్టేముందు చెక్కకి ఏం పూశావు?”

వాలస్ కనుబొమలు ముడిపడ్డాయి.

“ఏం పూస్తారు? ఏమీ పూయలేదు.”

“నిజంగా?”

“లప్పం పెట్టడానికి పూజ చెయ్యాలా ఏంటి?”

ఎనిడ్ కళ్లు మూసుకుంది.

మోరీన్ కోటు జేబులోంచి కాగితం తీసింది. “ల్యాబ్ రిపోర్టు. చట్రం చెక్కలో అవిసె నూనె ఇంకి ఉంది. రెండు పూతలు. లప్పం పెట్టేముందు ఎవరో ఓపిగ్గా కుంచెతో పట్టించారు. ఇవాళ పొద్దున హోబర్ట్‌లో ఒక ముసలి మేస్త్రీని అడిగాను. పాత చెక్క దాహంతో ఉంటుందట. ముందు నూనె తాగించకపోతే లప్పంలో నూనె పీల్చేస్తుంది. ఏడాదిలో లప్పం ఎండి రాలిపోతుంది. లప్పం పెట్టే ఎవరికైనా తెలిసిన మొదటి పాఠం ఇది అన్నాడు.”

“మరిచిపోయాను,” అన్నాడు వాలస్. “పూశాను. మరిచిపోయాను.”

“మరిచిపోలేదు వాలీ. నీకు తెలీదు. నువ్వు ఎన్నడూ లప్పం ముట్టలేదు. వ్యాన్ మీద నీ పేరుంది, కాబట్టి ఊరంతా నిన్నే అద్దాల మేస్త్రీ అంది. నేనూ అలాగే అనుకున్నాను. నువ్వు కోసేవాడివి, మోసేవాడివి. లప్పం పని మొత్తం ఇంకొకరిది.”

ఎవరూ ఎనిడ్ వైపు చూడలేదు. జల్లు ఆమె జుట్టుమీద సన్నగా నిలిచింది.

“ఆ లప్పం గీత చూడండి,” అంది మోరీన్. “అద్దం లోపలి చెక్క అంచుకి వెంట్రుకవాసి కిందే ఆగింది. గదిలోంచి చూస్తే లప్పమే కనపడదు. నాలుగు మూలలూ కత్తితో కోసినట్టున్నాయి. మనిషిని చంపడానికి పెట్టిన అద్దం అది. ఒక్క రోజు నిలిస్తే చాలు. నలభై ఏళ్లు నిలిచేలా ఎందుకు పెట్టారు ఎనిడ్?”

“చెడగొట్టి పెడదామనే అనుకున్నాను,” అంది ఎనిడ్. “క్లైవే వేసుకున్నాడని మీరు అనుకోవాలని. చెయ్యి ఒప్పుకోలేదు.”

“ఎనిడ్, నోర్ముయ్!” అన్నాడు వాలస్.

“ఊరుకో వాలస్. నీకు నూనె సంగతే తెలీదు, హత్య సంగతి ఏం చెప్తావు?”

డార్బీ ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

“అద్దం ఎవరు కోశారు?” అడిగింది మోరీన్.

“నేనే. నలభై ఏళ్లు పక్కన నిలబడి చూస్తే రాదా?”

“చనిపోతాడని తెలిసే పెట్టారా?”

“తెలుసో లేదో వాడే తేల్చాడు. గీజర్ మంచిదైతే కొత్త అద్దం వాడినేం చేస్తుంది? వెచ్చగా స్నానం చేసి బయటికొచ్చేవాడు. నాకు థాంక్స్ కూడా చెప్పేవాడేమో. కోర్టులో వాడు చెప్పింది నిజమైతే ఈపాటికి బతికే ఉండేవాడు. అబద్ధమైతే పోతాడు. పోయాడు.”

మోరీన్ రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుంది. తర్వాత గ్లెన్ వైపు తిరిగింది.

“ఇప్పుడు నీ వంతు.”

“నాకేం సంబంధం?”

“ఆదివారం కొత్త అద్దం చూడగానే నీ ముఖం పాలిపోయింది. శవాన్ని చూసినప్పుడు కాదు, అద్దాన్ని చూసినప్పుడు. ఆ కన్నం ఎందుకుందో నీకు తెలుసు. నవంబర్‌లో అడగాల్సిన ప్రశ్న ఇప్పుడు అడుగుతున్నాను. ఈ అద్దం ఎప్పుడు పగిలింది? బ్రొనీ పోకముందా, పోయాకా?”

గ్లెన్ టోపీ తీసి చేతిలో నలిపాడు.

“చెప్పు గ్లెన్.”

“ముందు.”

“ఎంత ముందు?”

“నెల. జూన్ మొదట్లో. క్లైవ్ స్నానంలో కళ్లు తిరిగి పడ్డాడు. నేనే బయటికి లాగాను. తేరుకోగానే సుత్తి తెచ్చి తనే అద్దం బద్దలుకొట్టాడు. గాలి ఆడాలి, ఈ గీజర్ మనుషుల్ని చంపుతుంది అన్నాడు.”

“నువ్వేమన్నావు?”

“బ్రొనీ ఇంట్లోనూ ఇదే ఉంది కదా అన్నాను. అక్కడ కిటికీ రంగుతో బిగుసుకుపోయింది, తెరుచుకోదు, చెప్పొద్దా అన్నాను.” గ్లెన్ గొంతు తగ్గింది. “ఒక గీజర్ మారిస్తే పదకొండిళ్లలోనూ మార్చాలి, ఆ పిల్ల ఒక్కతే ఉంటుంది కదా, తలుపు తీసుకునే స్నానం చేస్తుందిలే, అన్నాడు.”

“ఆమెకి చెప్పారా?”

“లేదు.”

“విచారణలో ఎందుకు చెప్పలేదు?”

“నేనుండేదీ ఆయన ఇల్లే మోరీన్. ఎక్కడికి పోను?”

వాలస్ గోడకి ఆనుకున్నాడు. మూడేళ్లుగా వినాలనుకున్న మాట విన్నాడు.

ఎనిడ్ గ్లెన్ దగ్గరికి నడిచింది. అతని ఛాతీ ఎత్తు కూడా లేదు. కొడుతుందని డార్బీ ఒక అడుగు ముందుకేశాడు. ఆమె కొట్టలేదు.

“బ్రొనీ సమాధి దగ్గర నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు,” అంది.

“ఎనిడ్, నేను...”

“నువ్వు ఆ రోజు నోరు విప్పి ఉంటే క్లైవ్ జైల్లో బతికుండేవాడు. నేను నా మొగుడికి అన్నం తినిపించుకుంటూ ఇంట్లో ఉండేదాన్ని. వాడికి నేనివ్వాల్సింది ఇచ్చేశాను. నీకేమీ ఇవ్వను గ్లెన్. ఈ ఊళ్లోనే ఉండు. అందరూ నిన్ను చూస్తూ ఉంటారు.”

గ్లెన్ టోపీ పెట్టుకోబోయాడు. చెయ్యి తలదాకా లేవలేదు.

మోరీన్ అరెస్టు మాటలు చదివింది. చదువుతున్నంతసేపూ ఎనిడ్ తలెత్తి వింది, పాఠం వింటున్నట్టు.

“అర్థమైందా?”

“అయింది. ఒకటి అడగొచ్చా?”

“అడగండి.”

“స్టేషన్‌కి వెళ్లాక ముందు ఏ ఫైలు తీస్తారు? క్లైవ్‌దా?”

మోరీన్ రెండు ఫైళ్లూ తలుచుకుంది. క్లైవ్ రడక్ హత్య రుజువైంది. చేసినామె ఎదురుగా ఉంది. చట్టం ప్రకారం ముందు ఆమె వాంగ్మూలం. కానీ ఆ వాంగ్మూలంలో మొదటి వాక్యం ఎక్కడ మొదలుపెట్టినా, అది మూడేళ్ల వెనక్కే వెళుతుంది.

“బ్రొనీది,” అంది మోరీన్. “గ్లెన్ కూడా మనతోనే వస్తున్నాడు. ముందు అతను సంతకం పెడతాడు. మీరు ఎదురుగా కూర్చుని చూడండి. ఆ తర్వాత మీది రాసుకుంటాను.”

ఎనిడ్ రెండు చేతులూ ముందుకి చాపింది. గోళ్లచుట్టూ ఇంకా తెల్లగా లప్పం.

“అయితే పదండి,” అంది. “ఆలస్యం చెయ్యొద్దు.”