కర్ర ఎవరి చేతిలో పడింది?

పొద్దున్నే కాఫీ కంటే ముందు పెయింటరు చేసే పని ఒకటుంది. ముందుగదిలో షోకేసు తలుపు తీసి, మఖమల్ గుడ్డ మీద పడుకోబెట్టిన డ్రమ్ము కర్రకి మెత్తని కుంచెతో దుమ్ము దులుపుతాడు. షాపుల బోర్డుల మీద బంగారు రంగు దిద్దే కుంచె అది. ఇంకొకరు ముట్టుకుంటే ఒప్పుకోడు.

ఆ కర్రకో కథ ఉంది. పెళ్లయిన కొత్తలో భార్యనీ బావమరిదినీ వెంటబెట్టుకుని, ఆనాటి కుర్రకారుని ఊపేసిన రాక్ బ్యాండుని చూడ్డానికి స్టేడియానికి వెళ్లాడు. ఒకటే వాన. ఆఖరి పాట అయ్యాక జులపాల డ్రమ్మరు తన కర్రని జనంలోకి విసిరాడు. అది నా చేతిలో పడిందని పెయింటరు. నా చేతిలో పడితే బావ లాక్కున్నాడని బావమరిది. సరదాకి మొదలైన మాట ముదిరి పాకాన పడింది.

బస్సు డ్రైవరైన ఆ బావమరిది ఏళ్లుగా ఈ గడప తొక్కలేదు. అక్కని చూడాలనిపిస్తే వీధి చివర బస్సాపి హారన్ కొడతాడు. ఆమె చేతిలో కుట్టుపనితో సహా పరుగెత్తి, వెనక బళ్లవాళ్లు తిట్టేదాకా మాట్లాడి వస్తుంది. తోడబుట్టినవాడితో ఈ రోడ్డుమీది చుట్టరికమేమిటని ఆమెకి లోలోపల దిగులు.

ఆవేళ షోకేసు ఖాళీగా ఉంది.

“ఏమేవ్, కర్ర ఏది?”

ఆమె మిషను దగ్గర ఎవరిదో కోటు అంచు మడుస్తోంది. పెదాల మధ్య గుండుసూదులు. “ఊఁ?” అంది.

“నీ తమ్ముడు గానీ వచ్చాడా?”

“ఊహూఁ.”

“వచ్చే ఉంటాడు. నిద్రలో కూడా కర్ర కర్ర అని కలవరించే రకం.”

లోపల్నుంచి కూతురు చిట్టి వచ్చింది. చేతులు వీపు వెనక దాచుకుంది.

“నాన్నా, ముందు కూర్చో. నుంచుని వింటే పడిపోతావు.”

బల్ల మీద రెండు ముక్కలు పెట్టింది. “నిన్న రిహార్సల్లో నా కర్ర చీలిపోయింది. నీ కర్ర పట్టుకెళ్లాను. మొదటి పాటకే ఇలా అయింది.”

గూట్లోంచి పడ్డ పిచ్చుకపిల్లని ఎత్తుకున్నట్టు పెయింటరు ఆ ముక్కలని అరచేతుల్లోకి తీసుకున్నాడు. ఒకదానికొకటి ఆనించి చూశాడు.

“సాయంత్రం నీ ప్రోగ్రాంకి మీ అమ్మని తీసుకెళ్లు. నేను రాను.”

“మేం మొదటిసారి స్టేజీ ఎక్కుతున్నాం నాన్నా.”

“రానన్నానుగా.”

అంతలో గుమ్మంలో డ్రైవరు కనిపించాడు. కొత్త కర్రలు కొని తెమ్మని చిట్టే ఫోను చేసిందట. ఆ కొట్టు అతని బస్సు దారిలోనే ఉంది. గడప అవతలే నిలబడి అందిద్దామనుకున్నవాడు, బావ చేతిలో ముక్కలు చూసి, పంతం సంగతే మరిచి లోపలికొచ్చేశాడు.

“బావా, నా కర్రని ఏం చేశావు?”

“నీ కర్రా? ఆ రోజు నీకు చేతులెక్కడ ఖాళీ? ఒకదాంట్లో గొడుగు, ఇంకోదాంట్లో మీ అక్క చెప్పులు.”

“నీకు మాత్రం ఖాళీయా? అక్కని భుజాలమీద కూర్చోబెట్టుకుని కాళ్లు పట్టుకున్నావు.”

“పొట్టి మనిషి, కనబడటంలేదంటే ఎక్కించుకున్నా. పడిపోకుండా పట్టుకోవద్దూ?”

“అక్కా, నువ్వే చెప్పు.”

“ఆఁ, చెప్పవే. ఇవాళ తేలిపోవాలి.”

ఆమె గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది.

“ఇన్నాళ్లూ నన్ను మొగుడివైపా, తమ్ముడివైపా అనే అడిగారు. ఏం జరిగిందని ఒక్కరడిగారా? ఆయన చేతుల్లో నా కాళ్లు. నీ చేతుల్లో నా చెప్పులు. మరి ఖాళీగా ఉన్నవి ఎవరి చేతులు?”

ఇద్దరూ తమ చేతులవైపు చూసుకున్నారు.

“నా చేతుల్లో పడింది. ఆ డ్రమ్మరు నన్ను చూసి నవ్వాడు కూడా.”

“నవ్వాడా?” పెయింటరు మొహం మాడింది.

“నవ్వాడు. మంచి పలువరుస. కిందికి దిగాక మీకిచ్చాను. నేను జుట్టు ముడేసుకునేలోగా తమ్ముడు తీసుకున్నాడు, మళ్లీ మీరు తీసుకున్నారు. ఇంటికెళ్లేసరికి వాదన మానేస్తారనుకున్నా. మాటలే మానేశారు.” ఆమె సూదుల డబ్బా మూసింది. “జుట్టంతా నీళ్లు, చెవుల్లో హోరు, గుప్పిట్లో కర్ర ఇంకా వెచ్చగా ఉంది. నా సంతోషాన్నంతా తీసుకెళ్లి మీ తగాదాలో కలిపేశారు.”

డ్రైవరు తల గోక్కున్నాడు. “బావా, మనిద్దరం వెధవలం.”

“నువ్వు చిన్న వెధవవి. నీకంటే పెద్దవాణ్ణి నేనున్నాను.” పెయింటరు రెండు ముక్కలూ తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. “కాఫీ తాగి పోరా. సాయంత్రం కలిసే వెళ్దాం.”

ఆమె నవ్వబోయింది, కళ్లలో నీళ్లే ముందొచ్చాయి.

సాయంత్రం హాల్లో చిట్టి డ్రమ్ములు మోగించగానే జనమంతా లేచి నిలబడ్డారు. ఆమెకి వీపులు తప్ప ఏమీ కనబడటంలేదు. పెయింటరు వంగాడు.

“ఎక్కు.”

“మీ నడుము?”

“ఒరేయ్, ఆ పక్క నువ్వు పట్టు.”

బావా బావమరుదులిద్దరూ చేతులు పెనవేసి, కుర్చీలా చేసి, ఆమెని లేపారు.

“బరువు పెరిగావక్కా.”

“నోరు మూసుకుని ఎత్తరా.”

ఆఖరి పాట అయింది. జనం తలలకి పైన అమ్మ మొహం చూసి, చిట్టి కిలకిలా నవ్వి చేతిలో కర్ర విసిరింది. ఆమె రెండు చేతులూ చాచి అందుకుంది. వెచ్చగా ఉంది.

కిందికి దించాక, ఒక్కసారి చూసిస్తామని ఇద్దరూ చేతులు చాచారు.

ఆమె ఇవ్వలేదు.